హాస్టల్లో చదివే పిల్లల టెన్షన్‌ను ముదరకముందే పట్టుకోవడం ఎలా?

ఏటా ఆగస్టు వచ్చేసరికి నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "సార్, మావాడిని ఇంటర్ హాస్టల్లో వేశాం. అడిగితే బానే ఉన్నానంటాడు. గొంతు చూస్తే బాగున్నట్టు లేదు. ఏం చేయమంటారు?" ఇరవై ఏళ్ళకు పైగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినవాడిని, ఒక హాస్టల్ పిల్లకు తండ్రిని. డాక్టర్ని కాను. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పేదంతా ఈసారి ఒకచోట రాస్తున్నాను.

థియరీ రెండు ముక్కలే. పరీక్ష ముందు గుండె దడ, కడుపులో తిప్పడం, నిద్ర పట్టకపోవడం అందరికీ ఉండేవే. పరీక్ష అయిపోయాక ఆ టెన్షన్ దిగిపోవాలి. ఒకటి రెండు రోజులు గడిచినా, సెలవు దొరికినా దిగకుండా అలాగే ఉండిపోతే, మనం పట్టుకోవాల్సింది దాన్ని. కింద చెప్పేదంతా ఆ దిగడాన్ని గమనించడం గురించే.

ముందు ఇది చదవండి

పిల్లవాడు చచ్చిపోవాలని ఉందన్నా, "నేను లేకపోతే మీకు ఖర్చు తప్పుతుంది" లాంటి మాట అన్నా, చేతుల మీద కోసుకున్న గీతలు కనిపించినా, ఇష్టమైన వస్తువులు స్నేహితులకు పంచేస్తున్నా, చాలా రోజులు కుంగిపోయి ఉన్నవాడు ఉన్నట్టుండి ప్రశాంతంగా మారి అందరికీ సెలవు తీసుకుంటున్నట్టు మాట్లాడినా, కింద రాసిన పద్ధతులేవీ మొదలుపెట్టకండి. ఆ రోజే బయల్దేరండి. మీరు చేరేదాకా ఒంటరిగా వదలొద్దని వార్డెన్‌కు స్పష్టంగా చెప్పండి. "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయపడతారు. అలా పుట్టదు. చాలామంది పిల్లలకు ఎవరో ఒకరు అడిగారన్న ఊరటే దొరుకుతుంది.

14416కు ఫోన్ చేయండి. ఇది టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి అయితే 108. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉన్నారేమో అడగండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ఎర్రగడ్డ పేరు చెప్పి జోకులేసుకోవడం మనకు అలవాటు. ఆ జోకుల వల్ల ఎంతమంది ఆ గేటు దాకా వెళ్ళకుండా ఆగిపోయారో! అక్కడా ఓపీ చీటీ రాయించుకుని వరుసలో కూర్చోవడమే, మిగతా ఆసుపత్రుల్లాగే.

ఇవేవీ లేవనుకుంటేనే ముందుకు రండి.

కావాల్సినవి

- ఒక చిన్న నోట్‌బుక్. ఫోన్లో రాసుకున్నా సరే, అమ్మా నాన్నా ఇద్దరూ చూసేలా ఉండాలి.
- రెండు వారాల ఓపిక.
- కాలేజీలో ఒక మనిషి నంబర్. ప్రిన్సిపాల్‌ది అవసరం లేదు. ఫ్లోర్ వార్డెన్, క్లాస్ టీచర్, కుదిరితే మెస్‌లో వడ్డించే ఆయమ్మ. ఎవరు సగం ప్లేటు వదిలేసి వెళ్తున్నారో ఆయమ్మకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.
- ఇంటి నుంచి తీసుకెళ్ళే చిరుతిళ్ళ డబ్బా. ఎందుకో మూడో మెట్టులో చెబుతాను.

1. మామూలు రోజు ఎలా ఉంటుందో రాసుకోండి

పిల్లవాడు బాగున్నప్పుడు ఎలా ఉంటాడో రాయకుండా మార్పును పట్టుకోలేరు. నోట్‌బుక్ మొదటి పేజీలో అయిదు పదాలు రాయండి: నిద్ర, తిండి, ఒళ్ళు, మాట, ఇష్టం. ఒక్కోదానికి ఎదురుగా ఒక్క వాక్యం చాలు. మా అమ్మాయి పేజీ ఇలా ఉండేది:

నిద్ర: పడుకున్న పది నిమిషాల్లో గురక. లేపితే తప్ప లేవదు.
తిండి: దోసెలు మూడు. వంకాయ ముట్టదు.
ఒళ్ళు: నెలకోసారి తలనొప్పి.
మాట: ఫోన్లో పది నిమిషాలు, అందులో ఆరు నిమిషాలు రూమ్మేట్ల మీద చాడీలు.
ఇష్టం: క్యారమ్స్, గోళ్ళకు రంగు.

హాస్టల్లో చేర్చి నెలలు గడిచిపోయినా ఏం కాదు, పదో తరగతి వేసవి సెలవుల్లో ఎలా ఉండేవాడో గుర్తు చేసుకుని రాయండి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు పక్కింటి పిల్లలతో పోల్చడం. పుట్టినప్పటి నుంచీ నెమ్మదిగా ఉండే పిల్ల నెమ్మదిగా ఉంటే అది గుర్తు కాదు. వాగుడుకాయ నెమ్మదించిందంటే అది గుర్తు.

2. ఫోన్లో అడిగే ప్రశ్నలు మార్చండి

హాస్టల్ ఫోన్ ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. వెనక పదిమంది క్యూ, పక్కన వార్డెన్, చేతిలో అయిదు నిమిషాలు. అక్కడ నిలబడి ఏ పిల్లవాడూ "నాకు భయంగా ఉంది" అని చెప్పడు. మామూలుగా నడిచే సంభాషణ ఇది:

"బాగున్నావా నాన్నా?"
"ఆఁ, బానే ఉన్నా డాడీ."
"వీకెండ్ టెస్ట్‌లో ఎంతొచ్చింది?"
"..."
"ఎంతరా?"
"తగ్గాయి డాడీ."
"ఎందుకు తగ్గాయి?"

అయిదు నిమిషాలూ అయిపోయాయి. దీనికి బదులు జవాబుగా ఒక అంకో, ఒక వస్తువో వచ్చే ప్రశ్నలు అడగండి. నిన్న రాత్రి లైట్ ఆర్పాక ఎంతసేపటికి నిద్ర పట్టింది? పొద్దున టిఫిన్ ఏం పెట్టారు, ఎన్ని తిన్నావు? ఈ వారం ఎవరి పక్కన కూర్చుని తిన్నావు? ఈ వారానికి పదికి ఎన్ని మార్కులేస్తావు? పదికి మూడు అనడానికి క్యూలో నిలబడి కూడా ఇబ్బంది ఉండదు. ఫోన్ పెట్టగానే జవాబులను తేదీ వేసి రాసుకోండి. మార్కుల సంగతి ఆ కాల్లో ఎత్తకండి. అవి ఎలాగూ కాలేజీవాళ్ళు మీ ఫోన్‌కు మెసేజ్ పెడతారు.

ఇంకో పని కూడా చేయండి. ఒక రహస్య వాక్యం ముందే అనుకోండి. మా ఇంట్లో అది "నీలం చున్నీ పంపండి". ఆ మాట వస్తే కారణం అడక్కుండా వచ్చేస్తామని ఒప్పందం. హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ మా అమ్మాయి ఒక్కసారే వాడింది. దుర్వినియోగం చేస్తారేమో అని అడుగుతుంటారు. ఒకటి రెండుసార్లు ఊరికే పిలిచినా పోయేది బస్సు ఛార్జీయే.

3. ఆదివారం వెళ్ళినప్పుడు కళ్ళతో చూడండి

చాలామంది వెళ్ళగానే బిర్యానీ తినిపించి, రెండు సెల్ఫీలు దిగి, ఫీజు కట్టి వచ్చేస్తారు. ఈసారి చేతులు చూడండి. గోళ్ళు చివళ్ళ దాకా కొరికేసి ఉన్నాయా? జుట్టు ఒకచోట పలచబడిందా? కొంతమంది ఆలోచిస్తూ వెంట్రుకలు పీక్కుంటారు. ప్యాంటు వదులైందా? మాట్లాడుతుంటే కాలు ఆగకుండా ఊగుతోందా? బట్టలు ఉతుక్కుంటున్నాడా?

ఆ తర్వాత డబ్బా అడగండి. మొదటి ఏడాది దసరా ముందు వెళ్ళినప్పుడు మా ఆవిడ ఖాళీ డబ్బా తీసుకుని కొత్త డబ్బా ఇద్దామని అడిగింది. అమ్మాయి ట్రంకు పెట్టెలోంచి తీసి ఇచ్చింది. ఖాళీగా లేదు. పదిహేను రోజుల కిందట ఇచ్చిన సున్నుండలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. పైన కప్పిన న్యూస్‌పేపర్ మడత కూడా చెదరలేదు. "తినలేదా?" అంటే "టైం లేదమ్మా" అంది. నేను నమ్మేశాను. మా ఆవిడ నమ్మలేదు. "తనకు టైం లేకపోతే రూమ్మేట్లకు కూడా లేదా?" అంది కారెక్కాక.

అదే పాయింటు. హాస్టల్లో ఇంటి డబ్బా రెండు రోజులకు మించి బతకదు. ఖాళీ అయిందంటే ఒకవేళ మీవాడు తినకపోయినా పంచుకునే స్నేహితులు ఉన్నట్టు. మూతే తీయలేదంటే తిండీ తగ్గింది, మనుషులూ తగ్గారు. మా అమ్మాయిని అంతకు ముందు నెలలోనే ర్యాంకు ప్రకారం వేరే సెక్షన్‌కు మార్చారని, పాత స్నేహితులంతా పై అంతస్తులో ఉండిపోయారని తర్వాత తెలిసింది. ఇరవై ఏళ్ళుగా పిల్లల్ని సెక్షన్లు మార్చే మీటింగుల్లో కూర్చున్నవాడిని, నా కూతురి విషయంలో నాకు తట్టలేదు.

4. మంగళవారం లెక్క చూడండి

టెస్ట్ ఆదివారమైతే శనివారం అడిగిన ప్రశ్నలకు విలువ లేదు. అప్పుడు అందరూ టెన్షన్‌లోనే ఉంటారు. మంగళవారం అడగండి. అప్పటికి నిద్ర, ఆకలి మామూలుకు వచ్చాయా? వస్తే ఆ వారం టిక్కు పెట్టి వదిలేయండి.

మొదటి పేజీలోని అయిదింటిలో రెండో, అంతకన్నా ఎక్కువో మారిపోయి, వరుసగా రెండు మంగళవారాలు వెనక్కి రాకపోతే తర్వాతి మెట్టుకు వెళ్ళండి. ఇది నేను పెట్టుకున్న లెక్క, వైద్యుల కొలత కాదు. అనుమానం ఎక్కువగా ఉంటే రెండో వారం దాకా ఆగక్కర్లేదు.

ఒక హెచ్చరిక. మార్కులు పెరుగుతున్నాయి కాబట్టి బాగానే ఉన్నాడనుకోకండి. నా క్లాసులో ఒక కుర్రాడు ప్రతి వీకెండ్ టెస్ట్‌లోనూ మొదటి గంటలోనే బాత్రూమ్‌కి పర్మిషన్ అడిగేవాడు. స్లిప్పులు చూసుకోవడానికేమో అని రెండుసార్లు గట్టిగా అరిచాను. మూడోసారి వాడు కూర్చున్న బెంచీ పక్కకు వెళ్తే పొట్ట పట్టుకుని వంగిపోయి ఉన్నాడు. టెస్ట్ రోజుల్లోనే వచ్చే కడుపునొప్పి. సెక్షన్‌లో ఆ వారం రెండో ర్యాంకు వాడిదే.

5. ముందు ఒంటికి పరీక్ష చేయించండి

నీరసం, ఏకాగ్రత లేకపోవడం, చిరాకు, జుట్టు రాలడం అన్నీ టెన్షన్ వల్లే అనుకోనక్కర్లేదు. రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ తేడా ఉన్నా ఇలాగే ఉంటుంది. మామూలు డాక్టర్‌కు చూపించి హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షల సంగతి అడగండి. తలనొప్పి అంటుంటే కళ్ళు పరీక్ష చేయించండి. బోర్డు కనిపించక పక్కవాడి నోట్సు చూసి రాసుకుంటున్న పిల్లలు ప్రతి సెక్షన్‌లోనూ ఉంటారు. జ్వరం, కళ్ళు పచ్చబడటం ఉంటే అది నీళ్ళ వల్ల వచ్చిన రోగమేమో చూడాలి. ఆడపిల్లలకు నెలసరి తప్పుతోందా అని అమ్మ అడగాలి.

దిష్టి తీయాలనిపిస్తే తీయండి, ఎవరికీ నష్టం లేదు. హిమోగ్లోబిన్ మాత్రం మానకండి.

ఇంట్లో తాతయ్య వాడే నిద్రమాత్ర సగం విరిచి ఇవ్వడం, మెడికల్ షాపులో "టెన్షన్‌కి ఏదైనా ఇవ్వండి" అని అడిగి తేవడం ఎట్టి పరిస్థితిలోనూ చేయొద్దు.

6. నిద్ర నుంచి మొదలుపెట్టండి

చాలామంది ధైర్యం చెప్పడంతో మొదలుపెడతారు. నిద్రలేని బుర్రలోకి ఏ ధైర్యమూ ఎక్కదు. ఈ వయసువాళ్ళకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పదిన్నరకు లైట్లార్పి అయిదింటికి బెల్ కొట్టే హాస్టల్లో ఎంత కళ్ళు మూసుకున్నా ఆరున్నర గంటలే. ఆ బెల్లును మీరు మార్చలేరు. అందులోనే ఎక్కడ మిగులుతుందో వెతకాలి.

- లైట్లార్పాక బాత్రూమ్ లైటు కిందో, టార్చి పెట్టుకునో చదవడం ఆపించండి. రాత్రి చదివిన ఆ గంట మర్నాడు క్లాసులో కునికిపాట్ల కింద పోతుంది.
- సాయంత్రం నాలుగు తర్వాత టీ, కాఫీ వద్దు. స్టడీ అవర్‌లో ఇచ్చే టీ బదులు పాలు అడగమనండి.
- ఆదివారం మధ్యాహ్నం అరగంట పడుకోనివ్వండి. మీరు చూడ్డానికి వెళ్ళింది ఆ రోజే అయితే కబుర్లు తగ్గించి పక్కన కూర్చోండి. చెట్టు కింద అమ్మ ఒళ్ళో తల పెట్టి నిద్రపోయే పిల్లలు ప్రతి కాలేజీ గ్రౌండులోనూ కనిపిస్తారు. సిగ్గుపడాల్సిందేం లేదు.
- రెండు వారాల పాటు రాత్రి స్టడీ అవర్‌లో చివరి గంట మినహాయించమని అడగండి. డాక్టర్ చీటీ ఉంటే ఒప్పుకోవడం తేలిక.

ఇవి చేసినా నిద్ర కుదుటపడకపోతే అయిదారు రోజులు ఇంటికి తీసుకొచ్చేయండి. సిలబస్ పోతుందంటారు. నిద్రపోకుండా కూర్చున్న క్లాసులో సిలబస్ ఎంత ఎక్కుతుందో నాకు తెలుసు, ఎదురుగా నిలబడి చెప్పినవాడిని.

7. పిల్లవాడి చేతికి రెండు పనిముట్లు ఇవ్వండి

మొదటిది ఊపిరి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలాలి. వదిలేది పీల్చేదానికన్నా పొడవుగా ఉండటమే ఇందులో కిటుకు. అయిదు నిమిషాలు. తల తిరిగితే బలవంతంగా పీలుస్తున్నట్టు లెక్క, మామూలు ఊపిరికి వచ్చేయాలి. పరీక్ష హాల్లో మొదటిసారి ప్రయత్నిస్తే పనిచేయదు. మామూలు రోజుల్లో పడుకునే ముందు అలవాటు చేసుకుంటేనే ఆ రోజున అక్కరకొస్తుంది.

రెండోది కాగితం. బుర్రలో తిరిగే భయాన్ని ఉన్నదున్నట్టు రాసి, దాని కింద రేపు చేయగల ఒక్క పని రాయాలి. "మ్యాథ్స్ అంతా పోయింది" అని రాస్తే కింద "రేపు లంచ్‌లో సార్ దగ్గర ఇంటిగ్రేషన్ రెండు లెక్కలు" అని ఉండాలి. రాసినది మీరు చదవకండి. చదువుతారని తెలిస్తే నిజం రాయరు.

ఊపిరి నచ్చని పిల్లలకు గ్రౌండు చుట్టూ పది నిమిషాల గట్టి నడక చెప్పండి. దేవుణ్ణి నమ్మే పిల్లలైతే రోజూ చదువుకునే స్తోత్రమో, ప్రార్థనో, నమాజో ఆపొద్దని చెప్పండి.

8. కాలేజీతో మాట్లాడండి, అరవకండి

పిల్లవాడికి చెప్పకుండా వెళ్ళి ఆఫీసులో గొడవ పెట్టుకుంటే మర్నాడు ఆ క్లాసులో కూర్చోవాల్సింది వాడే. "నేను సార్‌తో ఇది మాట్లాడతాను, ఇది మాట్లాడను" అని ముందే వాడితో అనుకోండి. నోట్‌బుక్ తీసుకెళ్ళండి. "మావాడు డల్‌గా ఉన్నాడు" అంటే "అందరూ అంతే సార్" అంటారు. "మూడు వారాలుగా రాత్రి ఒంటి గంట దాకా నిద్ర పట్టడం లేదు, ఇవి తేదీలు" అంటే వింటారు. అడిగేది కూడా ఒకటో రెండో ఉండాలి: సెక్షన్ మార్పు, రూమ్ మార్పు, వారానికి రెండు ఫోన్లు, ఒక నెల పాటు వీకెండ్ టెస్ట్ ర్యాంకు అందరి ముందూ చదవకుండా ఉండటం.

ఏదీ కుదరకపోతే డే స్కాలర్‌గా మార్చడం, ఊళ్ళోని ప్రభుత్వ జూనియర్ కాలేజీ, అన్నీ దారులే. "కట్టిన ఫీజు పోతుంది కదా" అంటారు. పోతుంది. మా అమ్మాయిని రెండో ఏడాది ఇంటికి తెచ్చుకున్నప్పుడు మాకూ పోయింది. ఒరిజినల్ సర్టిఫికెట్ల కోసం నాలుగుసార్లు తిప్పారు కూడా.

ఈ మాట పిల్లవాడికి నోటితో చెప్పండి: ఒక సబ్జెక్టు పోతే అదే వేసవిలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది. మనం ఇప్పటికీ ఎంసెట్ అని పిలిచే ఈఏపీసెట్ మళ్ళీ రాయొచ్చు. వాడికి తెలిసిన సంగతే. మీకూ తెలుసని, తెలిసీ మీరు మామూలుగానే ఉన్నారని వాడికి తెలియాలి.

9. పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

రెండు వారాల తర్వాత మొదటి పేజీ తీసి అయిదు వాక్యాలనూ మళ్ళీ రాయండి. నేను చూసినంతలో ముందు నిద్ర కుదుటపడుతుంది, తర్వాత తిండి. ఆ తర్వాత చాడీలు తిరిగి వస్తాయి, వాటికి సంతోషించండి. మార్కులు అన్నిటికన్నా ఆలస్యం. రెండు వారాలకే మార్కులు చూసి "ఏం లాభం లేదు" అని అన్నీ ఆపేయడమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు.

నిద్ర, తిండి రెండూ కదలకపోతే, ఏడుపు ఎక్కువైతే, ఒకప్పుడు ఇష్టమైన పని దేనిమీదా మనసు పోకుండా రోజులో ఎక్కువసేపు దిగులుగానే రెండు వారాలు గడిస్తే ఇంట్లో వైద్యం ఇక ఆపేయండి. మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్ళండి, నోట్‌బుక్ పట్టుకెళ్ళండి. ఎక్కడికెళ్ళాలో తెలియకపోతే 14416 వాళ్ళే చెబుతారు.

దసరా, సంక్రాంతి సెలవులను అన్నిటికన్నా నమ్మకమైన పరీక్షగా వాడుకోండి. ఇంటికి రాగానే పుస్తకాల సంచి విప్పించకండి. మొదటి రెండు రోజులు మధ్యాహ్నం దాకా పడుకుంటే పడుకోనివ్వండి, అది బాకీ నిద్ర. మూడో రోజుకు తనంతట తానే లేచి ఫ్రిజ్ తెరిచి "తినడానికి ఏం లేదా?" అని విసుక్కుంటే సరే. నాలుగో రోజు కూడా గది తలుపు మూసే ఉంటే సెలవులు అయ్యేదాకా ఆగకుండా డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి. తిరుగు ప్రయాణానికి తీసిన టికెట్ క్యాన్సిల్ చేయాల్సి వచ్చినా సరే.